ఏడో గుంజ

మా మావగారు గీసిన తెల్ల గీత మీద ఆ ఒడ్డు ఒడ్డంతా నిలబడేది. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే నిలబడేది. సముద్రం పాయగా లోపలికి చొచ్చుకొచ్చిన చోట, రెండు గట్ల మీదా వరసగా ఇళ్లు. ప్రతి ఇంటి వెనకా నీళ్లలోకి చాచిన సొంత జెట్టీ, దాని కింద పది పన్నెండు కొయ్య గుంజలు. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి ఆ గుంజల్ని ముంచుతుంది, రెండుసార్లు ఆటు వచ్చి వాటిని బురదలో నిలబెట్టి పోతుంది. ఉప్పునీళ్లు ఇనుమును తింటాయి, ఎండ పలకల్ని తింటుంది, ఈ రెండింటికంటే తిండిపోతు పురుగొకటి గుంజల్ని తింటుంది. సూదిమొనంత కన్నం పెట్టి లోపలికి దూరి, అక్కడే పెరిగి పెద్దదై, లోపలంతా తినేస్తుంది. పైకి మాత్రం గుంజ నిక్షేపంలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్నమాట.

అందుకని ఏడాదికోసారి, గాలులు తగ్గాక, పడవలు నీళ్లలోకి దించేలోగా, మావగారు ఇల్లిల్లూ తిరిగి ప్రతి గుంజనీ సుత్తితో మూడు చోట్ల కొట్టి చూసేవారు. గట్టి గుంజ ఠంగుమంటుంది. డొల్ల గుంజ డుబ్బుమంటుంది. గట్టిదైతే పోటు అందనంత ఎత్తున తెల్ల రంగుతో ఒక అడ్డగీత, డొల్లదైతే ఇంటూ గుర్తు. నలభై ఏళ్లలో ఆయన గీత గీసిన గుంజ ఒక్కటీ ఒరగలేదు. ఎవరూ ఆయన్ని కాగితాలు అడిగేవారు కాదు. గీత ఉందా లేదా అని చూసుకుని నిశ్చింతగా పడవలు కట్టేసుకునేవారు.

నేను ఆ సీజనుకే ఆ పనిలోకి వచ్చాను. వచ్చాను అనడం గొప్పకి, వచ్చి పడ్డాను అనాలి. అంతకుముందు బట్టల కొట్టులో గుడ్డలు చూపించేవాణ్ణి. కొట్టు బాగానే నడుస్తోంది, నన్ను మాత్రం పంపించేశారు. నాసిరకం బట్ట తాను విప్పినప్పుడల్లా నా మొహం మాడిపోయేది. "నువ్వు పరామర్శకి వచ్చినట్టు నిలబడితే కొనేవాడు ఎలా కొంటాడయ్యా?" అని యజమాని చెప్పి చూశాడు, తిట్టి చూశాడు, చివరికి దండం పెట్టాడు. దాంతో నేనూ మా ఆవిడా పెట్టె సర్దుకుని అత్తవారింటికి చేరాం. ఉద్యోగం లేని అల్లుడు అత్తవారింట్లో ఎలా ఉంటాడో చెప్పక్కర్లేదు. అన్నం పెట్టినా మొహమాటమే, పెట్టకపోయినా మొహమాటమే.

మా ఆవిడ ఆ ఇంట్లో పుట్టి ఆ బురదలో పెరిగిన మనిషి. పంపుతో నీళ్లు కొట్టి బురద వదులు చేసి కొత్త గుంజ దించడం, మునిగి వెళ్లి అడుగున తుప్పు పట్టిన బోల్టులు విప్పడం, అన్నీ ఆవిడే. నాకు ఈత రాదు. బురద చూస్తే కాళ్లు ముడుచుకుంటాయి.

"అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నాను మొదటిరోజు పడవలో కూచుని.

"ఆ పెద్దలు జెట్టీలు బాగుచేసుకుని బతకలేదు లెండి. దిగండి," అంది మా ఆవిడ.

ఇంతకీ ఆ ఇంట్లో నన్ను హడలగొట్టింది నీళ్లు కాదు, అరుపులు. గాలిలో, పంపు మోతలో, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మాట్లాడుకుని అలవాటైన వాళ్లు. మంచినీళ్లు కావాలన్నా, కొంప మునిగిందన్నా ఒకటే గొంతు. నేను మెల్లిగా మాట్లాడే మనిషిని. మా అత్తగారు నెల రోజులపాటు నేను అలిగానని అనుకుని నాకు రెండో వడ్డనలు కొసరి కొసరి వేశారు.

మొదటి వారం నేను పడవలో తాళ్లు చుట్టాను. రెండో వారం నేను కట్టిన ముడి ఊడి పడవ పాయ మధ్యకి షికారు పోయింది. ఇక నన్ను ఇంటి దగ్గరే ఉంచేస్తారనుకున్నాను. చిత్రం, మావగారు మర్నాటి నుంచి నన్ను తన పక్కనే నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు. రంగు డబ్బా పట్టుకోవడమే నా పని. ఆయన సుత్తితో కొట్టేవారు, వెనక్కి తిరిగి నా మొహంలోకి ఒకసారి చూసేవారు, అప్పుడు కుంచె అందుకునేవారు. ప్రతి గుంజకీ ఇదే తంతు. ఈ చేతకానివాణ్ణి నా కూతురు ఎలా ఏరుకుందా అని చూస్తున్నారని నా నమ్మకం.

"మా నాన్నకి మీరంటే తెగ ముద్దొచ్చింది. నన్నెప్పుడూ అంత సేపు పక్కన ఉంచుకోలేదు," అని మా ఆవిడ మూతి ముడిచేది.

అలా నెల రోజుల్లో ముప్పైకి పైగా జెట్టీలు తిరిగాం. అప్పుడొచ్చింది పళ్ల డాక్టరుగారి జెట్టీ వంతు.

ఆ పొద్దున నాకు దవడ పన్ను సలుపు. బుగ్గ బూరెలా పొంగింది. ఇంటి ముందు వైపు డాక్టరుగారి క్లినిక్కు, వెనక వైపు జెట్టీ. ఆయన నన్ను చూస్తూనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీలో పడుకోబెట్టారు. చిన్న ఉక్కు పుల్లతో పళ్లన్నీ టకటకా కొట్టి చూశారు.

"ఇది పోయింది," అన్నారు. "మీ మావగారి పనే నాదీను. ఆయన కొడితే గుంజలు మోగుతాయి, నేను కొడితే మనుషులు మోగుతారు. అంతే తేడా."

రెండు ఇంజెక్షన్లు పొడిచి పన్ను పీకారు. నోట్లో దూది కుక్కి, "సాయంత్రం దాకా మాట్లాడకండి. మొహం మొద్దుబారి ఉంటుంది, కంగారు పడకండి," అన్నారు.

ఆటు ఎవరి పన్ను కోసమూ ఆగదు. తిన్నగా వెళ్లి బురదలో నిలబడ్డాను. నా మొహం నాది కాదు, ఎవరో పలక చెక్కి అతికించినట్టుంది. మావగారు ఒకటో గుంజ కొట్టి నాకేసి చూశారు. ఆ రోజు మామూలుకంటే ఎక్కువసేపు చూశారు. పాపం నా పన్ను గురించి బెంగపడుతున్నారనుకుని లోలోపల కరిగిపోయాను. గీత గీశారు. రెండు, మూడు, అలా ఆరు గీతలు పడ్డాయి.

ఏడోది డుబ్బుమంది.

ఖాళీ డబ్బా కొట్టినా అంతకంటే నయంగా మోగుతుంది. ఆయన మరో రెండు చోట్ల కొట్టారు. మళ్లీ డుబ్బు, డుబ్బు. నాకేసి చూశారు. చూస్తూ నిలబడ్డారు. తర్వాత కుంచె ముంచి, నిదానంగా, అందంగా, తెల్ల గీత గీశారు.

నేను దూది అడ్డంలోంచి ఏదో మూలిగాను. ఆయన నా భుజం తట్టి ఎనిమిదో గుంజకి నడిచారు. నలభై ఏళ్ల అనుభవం ఆయనది, నెల రోజుల అనుభవం నాది. నేనే తప్పు విని ఉంటానని సరిపెట్టుకున్నాను. కానీ పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ గీత చూసుకున్నాను.

సాయంత్రం దూది తీశాక మా ఆవిడతో చెప్పాను. నవ్వింది. "నాన్న తప్పు గీయరు. ఆ మత్తు మందు మీ చెవులకి కూడా ఎక్కింది," అంది. నవ్వితే నవ్వింది గాని, మర్నాడు పొద్దున ఆటు సమయానికి చెక్కకి కన్నం పెట్టే బరమా తీసుకుని నన్ను వెంటపెట్టుకుని బయల్దేరింది.

గీత కిందనే బరమా పెట్టి తిప్పగానే అరటిబోదెలో దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని మెలికలకి తడిసి కుళ్లిన పొట్టు అంటుకొచ్చింది. మా ఆవిడ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, పడవ అంచున కూలబడింది.

"ఇది నాన్నకి వినపడకపోవడమేమిటి?" అంది. అని, తను అన్న మాట తనే విని, నోరు మూసుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పరీక్ష పెట్టింది. మావగారి వెనక నిలబడి, నాలాగా మెల్లని గొంతుతో, "నాన్నా, నీ చొక్కాకి నిప్పంటుకుంది," అంది. మావగారు హాయిగా తింటున్నారు. అత్తగారు మాత్రం ఒక్క ఉదుటున లేచి చెంబుడు నీళ్లు ఆయన వీపున కుమ్మరించారు.

"ఏమిటే ఇది? ఏమైంది?" అని మావగారు గావుకేక పెట్టారు.

"ఏం లేదు నాన్నా! తినూ!" అని మా ఆవిడ అంతకంటే పెద్ద కేక పెట్టి, వంటింట్లోకి వెళ్లి గోడకి తల ఆనించి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అందరూ అరిచే ఇంట్లో ఒక మనిషికి వినికిడి పోతే ఎవరికి తెలుస్తుంది? బట్టల కొట్టులోనో బడిలోనో పనిచేసేవాడికైతే వారంలో బయటపడేది.

"నాన్నకి చెప్పొద్దు," అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుని. "గీత తప్పిందని తెలిస్తే ఆయన మళ్లీ సుత్తి పట్టరు. సుత్తి పట్టకపోతే ఆయన ఎలా బతుకుతారో నాకు తెలీదు. నేను పోయి కలప అడితి నుంచి కొత్త గుంజ తెస్తాను. రేపు ఆటులో మనిద్దరం మార్చేద్దాం. ఈలోగా మీరు వెళ్లి ఆ జెట్టీ మీదకి ఎవర్నీ పోనివ్వకండి."

ఎవర్నీ అంటే ఒకే ఒక్క మనిషిని. డాక్టరుగారి తల్లి, పెద్దావిడ. ఒకప్పుడు ఆ పాయలో లాంచీ నడిపిన మనిషి. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటారు గాని, పోటు వచ్చేసరికి కుర్చీ జెట్టీ కొసన ఉండాల్సిందే. పోయే పడవలన్నిటికీ తప్పులు పట్టాల్సిందే. పోటు వేళకి డాక్టరుగారు తెల్లకోటుతోనే ఆవిడ కుర్చీ తోసుకుంటూ వచ్చారు. నేను జెట్టీ మొదట్లో చేతులు చాచి నిలబడ్డాను.

"రంగు ఆరలేదండీ," అన్నాను.

"రంగు గుంజకి వేశారా, నా చక్రాలకి వేశారా?" అన్నారు పెద్దావిడ.

"రేపు వెళుదురు గాని..."

"ఇరవై ఏళ్లు ఈ నీళ్ల మీద లాంచీ నడిపాను. నన్ను ఆపడానికి నువ్వెవరివోయ్? అదిగో, మీ మావ గీత ఉంది. ఆ గీత ఉంటే ఏనుగునెక్కి వెళ్లొచ్చు."

"త్వరగా తేల్చండి," అన్నారు డాక్టరుగారు. "లోపల ఒకాయన్ని నోరు తెరిపించి వచ్చాను."

సరిగ్గా అప్పుడే మావగారు చిన్న పడవ వేసుకుని అటుగా వచ్చారు. నా పన్ను ఎలా ఉందో డాక్టర్ని అడుగుదామని వచ్చారట. జెట్టీ పక్కన పడవ ఆపి, "ఏమిటోయ్ అల్లుడూ, ఆవిణ్ణి ఎందుకాపావు?" అని కేకేశారు.

నాకు కక్కలేక మింగలేక అన్నట్టయింది. చుట్టుపక్కల జెట్టీల మీద అందరూ పడవలకి రంగులు వేసుకుంటూ, తాళ్లు బిగించుకుంటూ ఉన్నారు. వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఏడో గుంజ డొల్ల," అన్నాను.

"ఆఁ?"

"ఏడో గుంజండీ..."

"ఆఁ? గాలికి వినపడ్డం లేదు, గట్టిగా చెప్పు!"

ఆకు కదలడం లేదు. గుట్టుగా చెప్పాల్సిన మాటని చెవిటాయనకి ఎలా చెప్పడం? పక్కన పెద్దావిడ బ్రేకు తీయమని కొడుకు చేతి మీద కొడుతున్నారు. కుర్చీ ముందు చక్రాలు పలకల మీదకి ఎక్కాయి. ఇక నా వల్ల కాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"ఏడో గుంజ డొల్ల మావగారూ! మీరు గీత గీశారు! అది డొల్లండీ!"

ఆ మాట నీళ్ల మీదుగా వెళ్లి అవతలి గట్టు కొట్టుకుని తిరిగొచ్చింది. రంగులు వేస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. కుర్చీ కూడా ఆగింది.

మావగారు నాకేసి చూశారు. తర్వాత పడవని ఏడో గుంజ దగ్గరికి తోసుకెళ్లారు. మా ఆవిడ పెట్టిన బరమా కన్నంలో వేలు పెట్టి చూసుకున్నారు. పడవలో ఉన్న డబ్బా తీసి, తను గీసిన గీత మీద, అందరూ చూస్తుండగా, ఇంటూ గుర్తు వేశారు. కుంచె కడిగి పెట్టారు. అంతే. నాకు మాత్రం ఆ పాయలో దూకెయ్యాలనిపించింది. ఈత రాదు కాబట్టి ఆగాను.

"నిన్న నీ మొహం చచ్చుబడి ఉందోయ్," అన్నారు ఆయన వెనక్కి వచ్చి. "ఏడో గుంజ దగ్గర ఎంత చూసినా ఏమీ కనపడలేదు. గీసేశాను."

"నా మొహమేమిటి మావగారూ?" అని అరిచాను.

"డొల్ల గుంజ మోగితే నీ పై పెదవి ఇలా వంకరపోతుంది," అని తన పెదవి వంకర పెట్టి చూపించారు. అచ్చం నాసిరకం గుడ్డ చూపిస్తున్న నేనే. "చెవులు పోయి చాలా కాలమైంది. పోయినేడు దాకా సుత్తి పిడి చేతికి చెప్పేది. ఈ ఏడు చేతులు కూడా మొద్దుబారాయి. పని మానేద్దామనే అనుకున్నాను. రెండో వారంలో ఒకరోజు పడవలోంచి నువ్వు పెదవి వంకర పెట్టడం చూశాను. అప్పట్నుంచి ఈ ఒడ్డున ప్రతి గీతా నీ మొహం చూసి గీసిందే."

 నెల రోజులుగా ఆ ఇంట్లో నేను దండగ్గా తింటున్నాననుకుని గుటక గుటకకీ కుమిలిపోయాను. ఒక పక్క పట్టరాని సంతోషం, మరో పక్క ముప్పైకి పైగా జెట్టీలు నా పెదవి మీద నిలబడి ఉన్నాయని హడలు.

"అయితే ఇన్నాళ్లూ మమ్మల్ని మోసింది ఈ అబ్బాయి మూతేనా?" అన్నారు పెద్దావిడ.

అవతలి గట్టు మీంచి ఎవరో, "మరి మా జెట్టీ సంగతేమిటి?" అని అరిచారు. ఆ వెనకే ఇంకొకరు, ఆ వెనకే ఇంకొకరు. నలభై ఏళ్లలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మావగారికి ఆ మాటలు వినపడకపోయినా ఊగుతున్న చేతులు కనపడ్డాయి. పడవలో లేచి నిలబడ్డారు.

"అన్నీ మళ్లీ కొడతాం!" అన్నారు. "మీ అందరి ముందూ! ఒక్క గీత తప్పినా ఆ రోజుతో నా సుత్తి నీళ్లలో పడేస్తాను!"

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆ రాత్రి మా ఆవిడకీ నాకూ తిండి సయించలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. పది రోజులు. ఇప్పుడు ప్రతి జెట్టీ దగ్గరా జనం. గుంజని చూడ్డానికి కాదు, నా మూతి చూడ్డానికి. నవ్వొచ్చినా నవ్వడానికి లేదు, తుమ్మొచ్చినా తుమ్మడానికి లేదు. "నా మొగుడి మొహం ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది," అని మా ఆవిడ గట్టు మీది ఆడవాళ్లతో చెప్పుకుని పడి పడి నవ్వేది. అయినా ఆవిడ రోజూ గీతలు లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు. మధ్యలో మావగారికి చెవికి పెట్టుకునే మిషను కూడా తెచ్చాం. ఉప్పుగాలికి నాలుగో రోజున అది ఈలలు వేసి ప్రాణం వదిలింది. "నాకంటే ముందే పోయింది," అని ఆయన దాన్ని గూట్లో పెట్టేశారు. పదో రోజు దాకా ఒక్క గీత కూడా చెరపాల్సి రాలేదు.

ఆఖరికి డాక్టరుగారి జెట్టీ మిగిలింది. ఏడో గుంజ మార్చేశాం. తక్కిన పదకొండూ చూడాలి. ఆ గీతలన్నీ నా మొద్దుబారిన మొహం చూసి గీసినవే. పది రోజులుగా ఇంట్లో కూచోబెట్టినందుకు పెద్దావిడ కుర్చీలో ఉడికిపోతూ గట్టు మీద సిద్ధంగా ఉన్నారు. ఒడ్డంతా అక్కడే ఉంది. నేను అలవాటుగా రంగు డబ్బా పట్టుకుని మావగారి పక్కకి వెళ్లాను.

"ఇటు కాదు, నా వెనక్కి పో," అన్నారు.

"వెనక ఉంటే మీకు నా మొహం కనపడదు కదండీ!"

"కనపడక్కర్లేదు. ఇంకో పన్ను పుచ్చితే మళ్లీ నా పీకలమీదకి వస్తుంది. నోటితో చెప్పు. నువ్వు చెప్తే నేను గీస్తాను."

పెదవి వంకరపోవడం నా చేతిలో లేని పని. తప్పయితే మొహానిది తప్పు. నోటితో చెబితే తప్పు నాది. ఆ తేడా నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆయన కొట్టారు. ఠంగుమంది. "బాగుందీ!" అని అరిచాను. పాత గీత మీద కొత్త గీత పడింది. అలా పది గుంజలు. చివరిది జెట్టీ కొసన, మోకాలి లోతు నీళ్లలో ఉంది. పెద్దావిడ కుర్చీ నిలబడేది సరిగ్గా దాని మీదే. ఆయన కొట్టారు. ఠంగూ కాదు, డుబ్బూ కాదు. మధ్యరకం.

మావగారు వీపు నాకేసి పెట్టి ఎదురుచూస్తున్నారు.  గట్టు మీద మా ఆవిడ నవ్వడం మానేసింది.

"తెలీడం లేదు మావగారూ! ఇంకోసారి కొట్టండి!" అన్నాను.

కొట్టారు.

"అక్కడ కాదు! కింద! నత్తగుల్లలు గోకేసి కొట్టండి!"

ఆ ఒడ్డున ఆయనకి పని చెప్పిన మగాడు అప్పటిదాకా లేడు. ఆయన వంగి, గట్టిగా పట్టేసిన గుల్లల్ని సుత్తి అంచుతో గోకి, శుభ్రమైన చెక్క మీద కొట్టారు. ఠంగుమంది. గుల్లలే ఇంతసేపూ దాని గొంతు నొక్కేశాయి. పైన, మధ్యన, కింద, మూడు చోట్లా మళ్లీ కొట్టించాను. మూడు చోట్లా ఒకే మాట.

"బాగుందీ!" అని అరిచాను. నా గొంతు అవతలి గట్టు దాకా వెళ్లింది. మావగారు కుంచె ముంచి గీత గీశారు.

పోటుదాకా ఆగే ఓపిక పెద్దావిడకి లేకపోయింది. మేం ఇంకా నీళ్లలో ఉండగానే కుర్చీ పలకల మీద గడగడా దొర్లుకుంటూ మా తలల మీదకి వచ్చి, కొసన ఆగింది. మావగారికి అది వినపడలేదు. గుంజ మీద అరచెయ్యి ఆనించి, నాకేసి తిరగకుండానే, "ఏమంటోందోయ్?" అని అడిగారు.

నేను గుంజకి చెవి ఆనించి విన్నాను.

"ఏమీ అనడం లేదు మావగారూ!" అని అరిచాను.